"దూత పాట పాడుడీ" రాగం అచ్చుయంత్రం పండగకి కట్టిందా?

కాయిర్_ఆల్టో:
క్రిస్మస్‌కి మా కాయిర్‌లో "దూత పాట పాడుడీ" ప్రాక్టీస్ మొదలైంది. మొన్న కీబోర్డ్ వాయించే అంకుల్, ఈ రాగం క్రిస్మస్ కోసం పుట్టలేదు, జర్మనీలో అచ్చుయంత్రం పండగకి కట్టారు అన్నారు. చిన్నప్పటి నుంచి పాడుతున్న పాట కదా, మనసు ఒప్పుకోవట్లేదు. నిజమేనా? అసలు మాటలేంటి?

పాత_రికార్డులు:
నిజమేనండి. కట్టింది జర్మన్ సంగీతకర్త మెండెల్సన్. అచ్చుకళకు 400 ఏళ్లు నిండాయని 1840 జూన్‌లో లైప్‌జిగ్‌లో పెద్ద ఉత్సవం చేశారు, ఆ ఊరికి పుస్తకాల వ్యాపారమే ప్రాణం మరి. దానికోసం ఆయన "ఫెస్ట్‌గెసాంగ్" అని నాలుగు భాగాల కాంటాటా (వాద్యాలతో కలిసి కోరస్ పాడే పెద్ద పాట) రాసిస్తే జూన్ 24న ఊరి నడిబొడ్డున, మార్కెట్ చౌకులో పాడారు. ఆరుబయట కాబట్టి వయొలిన్లు పెట్టుకోలేదు, అంతా మగవాళ్ల కోరస్, రెండు బ్రాస్ (బాకాల్లాంటి ఇత్తడి వాద్యాల) బృందాలు, డ్రమ్ములు. మన రాగం రెండో భాగంలో వస్తుంది. అక్కడ దేవదూతలు లేరు, గూటెన్‌బర్గ్ (అచ్చుయంత్రం తెచ్చినాయన) అనే జర్మన్ దివిటీ వెలిగించాడు అని పాడతారు. మర్నాడు సెయింట్ థామస్ చర్చిలో ఆయనదే "లోబ్‌గెసాంగ్" అనే పెద్ద సింఫనీ వినిపించారు, అదీ ఈ ఉత్సవానికి రాసిందే. అందరూ దాన్నే తలుచుకుంటారు గానీ, నాకు మాత్రం ఈ చౌకు పాటే ఇష్టం.

టెనర్_తమ్ముడు:
మరి క్రిస్మస్ పాట ఎలా అయింది అన్నా?

పాత_రికార్డులు:
మన పాటకి మూలమైన ఇంగ్లిష్ పాట, చార్లెస్ వెస్లీ అనే ఇంగ్లిష్ కీర్తనకారుడు 1739లోనే అచ్చువేసిన కీర్తన, తర్వాత వేరేవాళ్లు మాటలు కొంత మార్చారు. 1855లో కమ్మింగ్స్ అనే ఇంగ్లిష్ ఆయన దాన్ని ఈ రాగంలో కూర్చాడు. మెండెల్సన్ అప్పటికే పోయి ఎనిమిదేళ్లు. బాధేంటంటే ఆయన 1843లో లండన్ పబ్లిషర్‌కి రాసిన ఉత్తరంలో, ఈ రాగానికి వేరే మాటలు పెట్టుకోండి, జనం హుషారుగా పాడుకునేవి, సైనికుల నడకలా ఉండేవి అయితే బాగుంటుంది, దైవసంబంధమైన మాటలు మాత్రం దీనికి నప్పవు అన్నాడు. ఈ ఒక్క విషయంలో ఆయన పొరబడ్డాడనే నా నమ్మకం.

కాయిర్_ఆల్టో:
ఇప్పుడే రెండో భాగం విన్నాను, ఒళ్లు జలదరించింది. జర్మన్‌లో మొదటి లైను "ఫా-టెర్-లాంట్ ఇన్ డై-నెన్ గౌ-ఎన్", ఎనిమిది అక్షరాలు, చివర రెండు చిన్న ముక్కలుగా దిగుతుంది. మనది "దూ-త-పా-ట-పా-డు-డీ", ఏడే, ఆ "డీ" మీద హాయిగా నిలబడొచ్చు. మా వాళ్లు అక్కడే ఊపిరి చాలక తొందరపడుతున్నారు, రేపు దాన్ని సరిచేయిస్తాను. మగ గొంతులు, అంటే టెనర్లూ బేస్‌లూ కలిపి ఆరుగురున్నారు, ఒక చరణం వాళ్లొక్కరితోనే పాడిస్తే ఎలా ఉంటుందంటారు?

పాత_రికార్డులు:
తప్పకుండా పాడించండి. రెండో చరణం వాళ్లకిచ్చి, మూడోదానికి అందరూ కలవండి.