పాతరలో దొరికిన ముక్కు పురుగు రెక్క డొప్పలు పాతవా, ఈమధ్య దూరినవా?

నల్లరేగడిలో తవ్విన ఒక పాతకాలపు ధాన్యం పాతర అడుగు మట్టి, 5 లీటర్లు, హైదరాబాద్‌లో పరిశీలిస్తున్నాం. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ (మట్టి గడ్డలను విడగొట్టే రసాయనం) 5 శాతం ద్రావణంలో 24 గంటలు నానబెట్టి 300 మైక్రాన్ల జల్లెడలో కడిగాం. పురుగు ముక్కలు నీళ్ల మీద తేలేలా మిగిలిన తడి మడ్డికి కిరసనాయిలు పట్టించి, ఎక్కువైంది వంచేసి, చన్నీళ్లు పోసి 20 నిమిషాలు ఆగాం. తేలిన తెట్టును డిటర్జెంటుతో కడిగి, ఆల్కహాల్‌లో ఉంచి మైక్రోస్కోపు కింద ఏరాం.

మాడిన గింజలు 40 దాకా వచ్చాయి, 6 గింజలకు పురుగు తొలిచిన రంధ్రాలున్నాయి. మాడిన ముక్కు పురుగు తల ఒకటి. వీటి మీద అనుమానం లేదు.

చిక్కంతా మాడని 11 రెక్క డొప్పలతోనే (పురుగు వీపు మీది గట్టి పై రెక్కలు). గోధుమరంగు, ఒక్కోదాని మీద రెండేసి లేత మచ్చలు. బియ్యపు ముక్కు పురుగు సైటోఫిలస్ ఒరైజే లక్షణాలే. ఇది ఎగరగలదు (దాని దగ్గరి జాతి సైటోఫిలస్ గ్రనేరియస్ అయితే ఎగరలేదు), పైగా ఎండాకాలంలో రేగడి లోతుగా బీటలు వారుతుంది, కాబట్టి ఈమధ్య దూరి ఉండొచ్చు. ఏటా తడిసి ఆరే మట్టిలో మాడని కైటిన్ (పురుగు పెంకులోని పదార్థం) ఇంతకాలం నిలవడం కష్టమే.

కాల్చిన ఇసుకను ఇవే జల్లెడ, ఇదే కిరసనాయిలుతో నడిపితే ఏమీ రాలేదు, కాబట్టి ల్యాబ్‌లో కలిసినవి కావు. పాతరకు 30 సెంటీమీటర్లు పైన ఉన్న మట్టిలో అలాంటివే 2 దొరికాయి. సూదితో వంచితే విరగలేదు, అంటే కొత్తవే అనిపిస్తుంది, కానీ అదొక్కటే రుజువు కాదు. వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకు పంపితే ఆ డొప్పలు పోతాయి. ధాన్యం నిల్వలో తెగులు ఎంతుందో చెప్పాలంటే వీటిని లెక్కలో చేర్చాలో వద్దో తేలాలి.

డొప్పలు పాడవకుండా, అవి పాతవో కొత్తవో తేల్చే పరీక్ష మీలో ఎవరైనా చేశారా, ఎలా చేశారు?