గోడ పగులు: పునాది కుంగుతోందా, మట్టి ముడుచుకుంటోందా?

మా ఇంటి వెనక మూలన ఇటుకల అతుకుల వెంబడి మెట్లు మెట్లుగా పగులు వచ్చింది. కింద సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉంది. ఆ గది తలుపు కూడా సరిగా పడటం లేదు. సిమెంటు పూస్తే చాలంటున్నాడు మేస్త్రి. నాకు నమ్మకం లేదు.

బంకమట్టి మీద బరువు పడితే రేణువుల మధ్య నీరు మెల్లగా బయటికి పోయి ఏళ్ల తరబడి నేల దిగుతుందని, ఇసుక నేలలో ఆ దిగుడు చాలావరకు కట్టేటప్పుడే అయిపోతుందని చదివాను. ఇల్లంతా సమంగా దిగితే గోడలకు పెద్దగా ఏమీ కాదు, ఒక పక్క ఎక్కువ దిగితేనే చిక్కు. 1173లో మొదలుపెట్టిన పీసా గోపురం మూడో అంతస్తుకే ఒరిగిందంటే కారణం ఒకవైపు మట్టి మరీ మెత్తగా ఉండటమే కదా. భూగర్భజలం తోడేసి మెక్సికో నగరం కుంగడం వేరే సంగతి.

మాది రేగడి నేల. పగులు ఎండల్లో తెరుచుకుని, వానలు పడ్డాక కొంత మూసుకుంటోంది. ఆ మూలకు దగ్గరలోనే పెద్ద చెట్టుంది, అటే వాననీటి గొట్టం కూడా దిగుతుంది (ఎవరి ఆలోచనో మరి!).

ఇలా తెరుచుకుని మూసుకుంటుంటే అసలు కుంగుడు లేదనుకోవచ్చా? చెట్టు కొట్టేస్తే మట్టి తేమ పట్టి ఉబ్బి, పునాదిని పైకి నెడుతుందా? పగులుకు అటూ ఇటూ గుర్తులు పెట్టి ఏడాది కొలిచి చూడాలా, లేక ముందే మట్టి పరీక్ష చేయించాలా?