బుల్లెట్ కొంటా అంటే అందరు నవ్వుడే, నిజంగ షో గాళ్లే కొంటరా?

నర్సంపేట_పోరడు:
అన్నలందరికి నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు, హన్మకొండల జాబ్, రోజు పోను రాను 80 కిలోమీటర్ల దాక పడుతది. ఇన్నొద్దులు బాపు పాత స్ప్లెండర్ మీదనే తిరిగిన. ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీస్కుందామని ఉంది, ఇంటర్ చదివే కాన్నుంచే మనసుల పడ్డది. ఇంట్ల చెప్తే బాపు ఒక్కటే మాట, గది పెండ్లికొడుకు బండిరా పనిచేసేటోని బండి కాదు అని. ఆఫీసుల చెప్తే ఓహో ఇగ సైలెన్సర్ మార్పిస్తవా, ఇగ గల్లీ గల్లీ ఫట్ ఫట్ అనిపిస్తవా అని ఒకటే నవ్వుడు. కంపెనీ సైలెన్సరే ఉంచుకుంట అంటే ఒక్కడు నమ్ముత లేడు. ఏం బండి కొంటే మనం ఏం మనిషో ముందే రాసిపెట్టిన్రా? రోజు నడిపేటోళ్లు జర చెప్పున్రి, ఊకే తిట్టేటోళ్లు వద్దు.

కాజీపేట_లెక్కలు:
తమ్మి నవ్వేటోళ్ల సంగతి తర్వాత, ముందుగాల పైసల లెక్క చూడు. 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అంటే 2000. క్లాసిక్ లీటర్‌కు 35 ఇచ్చిందనుకో 57 లీటర్లు, స్ప్లెండర్ 65 ఇస్తే 31. లీటర్ 107 వేసుకున్నా నెలకు 2800 తేడా. గది నీకు బరువు కాదనుకుంటే కొనుక్కో, బరువైతే నవ్వినోళ్లు అచ్చి పెట్రోల్ పోయించరు. ఒక మంచి మాట ఏందంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, దాని మీదికి పోతే 40. క్లాసిక్ ఇంజన్ 349, ఒక్క సీసీతోని బతికిపోయింది.

టూస్ట్రోక్_కాక:
బుల్లెట్ అంటే షో అనే మాట ఈ పదిహేనేండ్లల్ల అచ్చిందే పోరగా. మా చిన్నప్పుడు ఊర్లె ఆ చప్పుడు వినపడితే ఎస్సై అచ్చిండేమో అని అరుగు మీద పేకాడేటోళ్లు లేచి ఉరికేటోళ్లు, గేరు కుడి కాలుకు బ్రేకు ఎడమ కాలుకు ఉండేది, అలవాటు లేనోడు ఎక్కితే బ్రేకు అనుకొని గేరు తొక్కి గోడకు గుద్దేటోడు. ఇంకోటి చెప్తె నమ్మవు, డీజిల్ బుల్లెట్ కూడ ఉండేది, 325 సీసీ, పవర్ ఆరున్నర హార్స్‌పవరే, అంటే ఇప్పటి స్ప్లెండర్ కంటే తక్కువ! దాన్ని కొన్నోడు షో కోసం కొన్నడా? మైలేజీ కోసం కొన్నడు, అది గుంజకున్నా చప్పుడు చెవులు పోయేటట్టు ఉన్నా సప్పుడు చేయకుంట నడుపుకున్నడు.
నా పిచ్చి వేరే, నాది యమహా ఆర్ఎక్స్ 100. 98 సీసీ, 11 హార్స్‌పవర్, 1996ల బందువెట్టిన్రు. ఇప్పుడు లక్ష పెట్టి, ఇంకా ఎక్కువ పెట్టి కొంటున్రు గద, వాళ్లల్ల అప్పట్ల అది నడిపినోళ్లు తక్కువ. కాలేజీ గేటు కాడ వేరేటోడు దాని మీద పోతుంటే సైకిల్ పట్టుకొని చూసినోళ్లే ఎక్కువ. నేను కూడ గట్ల చూసినోన్నే. 90ల మొదట్ల చూసిన బండిని 2014ల కొన్న. దాన్ని షో అంటవా ఏమంటవో నీ ఇష్టం, మా ఇంటామె అయితే వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ రాయద్దు.

ఎనుమాముల_మిర్చి:
నేను రైతును, నా మాట వేరే ఉంటది. మా దిక్కు గమ్మత్తు ఏందంటే పొలం ఉన్నోడు టీవీఎస్ ఎక్సెల్ మీద పోతడు, థార్ ఉన్నోనికి పొలం ఉండదు. ఎక్సెల్ మీద రెండు యూరియా బస్తాలు ఏస్తే 90 కిలోలు, బండి బరువే దాదాపు గంత, అయినా ఒడ్డు మీద పోతది. మొన్న వానలకు పట్నం నుంచి ఒకాయన పెద్ద బండేసుకొని మా చెల్క చూడనీకి అచ్చిండు, పేరెందుకు గని నాలుగు చక్రాలకు పవర్ ఉంటది కాక ఏం కాదు అనుకుంట నల్లరేగడిల దించిండు. రోడ్డు మీది టైర్లు, మట్టి పట్టుకొని నున్నగ అయినయి, నాలుగు చక్రాలు ఒక్కతీరుగ తిరుగుడే గని ముందుకు కదల్లే. చివరికి ట్రాక్టర్ తోని గుంజినం. బండిది తప్పేం లేదు, ఆ టైర్లతోని దించుడే తప్పు.
తమ్మి నీ సంగతి అడిగితే, క్లాసిక్ 195 కిలోలు, స్ప్లెండర్ 112. రోడ్డు మీద ఆ బరువు మంచిదే, కంకర లారీ పక్కనుంచి పోయినా ఊగది. గని మీ ఇల్లు కాడ మట్టి బాట ఉంటే వానల ఎనుకకు నూకుడు చూస్కో. బాపు స్ప్లెండర్ మాత్రం అమ్మకు, చెప్తున్న.

సుబేదారి_రైడర్:
నేను ఆడిదాన్నే, నాలుగేండ్ల సంది 350 నడుపుతున్న, ఎత్తు 5 అడుగుల 2. కొందామని ఒక షోరూంకు పోతే అక్కడి పిలగాడు సార్ రాలేదా మేడం అన్నడు, నాకే అంటే స్కూటర్ కాగితం చేతుల పెట్టిండు. వేరే కాడ కొన్న. కొనేటోళ్లను చూసి బండిని తిట్టుడు, బండిని చూసి మనిషిని లెక్కగట్టుడు, రెండు ఒకటే రోగం. అయితే నీ ఆఫీసోళ్లు నవ్వుడుకు కారణం లేకపోలేదు తమ్మి, రాత్రి పదకొండుకు ఆస్పత్రి ముందట ఫట్ ఫట్ అనిపించేటోళ్లే ఈ పేరు తెచ్చిన్రు, పోలీసోళ్లు ఆ సైలెన్సర్లు రోలర్ కింద తొక్కిస్తే నాకైతే సంబురమైతది. సీటు 805 మిల్లీమీటర్లు, నాకు రెండు మడిమెలు ఆనయి, ఒక కాలు దించుడు నేర్చుకున్న. ఒకసారి చుట్టాలో దోస్తులో ఎవలదన్న తీస్కొని పొద్దుగాల రద్దీల నర్సంపేట నుంచి హన్మకొండ దాక నడిపి చూడు. షోరూం టెస్ట్ రైడ్ రెండు కిలోమీటర్లు, దానితోని ఏం తెలుస్తది.

బ్లాక్_స్టెల్త్:
కాక ఆర్ఎక్స్ అమ్ముతవా?

టూస్ట్రోక్_కాక:
అమ్మ.

నర్సంపేట_పోరడు:
అందరికి థ్యాంక్స్. అక్క చెప్పినట్టే మా బావమరిది దోస్తుది తీస్కొని పోయి వచ్చిన, పొద్దుగాల బస్సుల వెనుక ఇరుక్కొని క్లచ్ పట్టి పట్టి చెయ్యి గుంజింది, అయినా మనసు మారలే. సాయంత్రం బాపును ఎక్కించుకొని ఊరి చెరువు కట్ట దాక పోయిన. ఆయన ఏం మాట్లాడలే. దిగినంక సీటు ఒత్తి చూసి, మీ అవ్వ ఎక్కుతదార దీని మీద అన్నడు. గది నేను ఆలోచించనే లేదు. అవ్వ చీరల పక్కకు కూసుంటది, కాలు పెట్టుకునే పట్టె షోరూమోళ్లే ఇస్తరా, బయట వేయించుకోవాల్నా?

సుబేదారి_రైడర్:
బండితోనే ఇయ్యాలె తమ్మి, చీర చక్రంల పడకుంట ఉండే సారీ గార్డు, కాలు పట్టె రెండు. డెలివరీ రోజు కొందరు పిలగాళ్లు లుక్ పోతదని అక్కడే ఇప్పిస్తరు, నువ్వు ఇప్పియ్యకు. అవ్వను ముందుగాల ఒకసారి తీస్కపోయి కూసోపెట్టు.