డాక్టర్ మబూజే (1922) పునరుద్ధరించిన ప్రతి: సెకనుకు 20 ఫ్రేములు సరైన వేగమేనా?

నేలటికెట్:
ఫ్రిట్జ్ లాంగ్ మూకీ ‘డాక్టర్ మబూజే, జూదరి’ పునరుద్ధరించిన ప్రతిలో మొదటి భాగం 155 నిమిషాలు, రెండోది 115. సాగదీశారనే నా వాదన. మొదటి భాగం ఎత్తుగడే చూడండి. రైలు పెట్టెలో దోపిడీ, ఒప్పందం కాగితాలున్న సంచీ వంతెన మీంచి కింద పోతున్న కారులో పడడం, తంతి స్తంభమెక్కినవాడు ఫోన్లో కబురందించడం, ఇక్కడ మబూజే గడియారం చూసుకుంటూ కూర్చోవడం. సెకన్ల లెక్కన కత్తిరించిన సీను అది. 20తో నడిపితే ఊపు చచ్చిపోతోంది. 24తో వేస్తే మొత్తం 225 నిమిషాల్లో తేలిపోతుంది. 20నే ఎందుకు పట్టుకు వేలాడుతున్నారు?

రీలుపెట్టె:
ముందు లెక్క చూద్దాం. 35 ఎంఎం ఫిల్ము మీటరుకు సుమారు 52.5 ఫ్రేములు. మొదటి భాగం అప్పటి నిడివి 3,496 మీటర్లు, అంటే దాదాపు 1,83,500 ఫ్రేములు. 18తో నడిపితే 170 నిమిషాలు, 20తో 153, 24తో 127. రెండో భాగం 2,560 మీటర్లు, 20తో 112 నిమిషాలు. మొదట్లో చేర్చిన పునరుద్ధరణ వివరాల కార్డులు కూడా కలుపుకుంటే డిస్కు నిడివి 20కి సరిపోతోంది.

కాకపోతే ఈ లెక్క చెప్పేది పునరుద్ధరించినవాళ్లు ఏ వేగం ఎంచుకున్నారన్నది మాత్రమే, అది సరైనదా కాదా అన్నది కాదు. పైగా మీటర్లతో భాగించడం ప్రతి పూర్తిగా దొరికినప్పుడే పనికొస్తుంది. వంద మీటర్లు పోయిన ప్రతి కూడా 155 నిమిషాలు నడుస్తోందంటే అసలు వేగం 19 దగ్గరికి దిగిపోయినట్టే.

మూకీమాస్టర్:
కెమెరా చేత్తో తిప్పేవారు. ఒక చుట్టుకి 8 ఫ్రేములు. సెకనుకు రెండు చుట్లయితే 16, రెండున్నరయితే 20. ఇంతవరకు రీలుపెట్టె గారితో పేచీ లేదు. కానీ ఆ రోజుల్లో హాళ్లలో కెమెరా వేగం కంటే ఎక్కువతోనే నడపడం మామూలు. ఇంకో ఆట ఇరికించాలంటే ఆపరేటర్ మోటారు పెంచేవాడు. కాబట్టి అసలు తగువు వేరు: కెమెరామన్ కార్ల్ హాఫ్‌మన్ తీసిన వేగం కావాలా, 1922లో బెర్లిన్ జనం చూసిన వేగం కావాలా? రెండూ ఒకటేనన్నట్టు మాట్లాడితే ఈ చర్చ తెగదు.

ఎడిటింగ్‌బెంచ్:
తీసిన వేగాన్ని ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. కింద పడే వస్తువుని పట్టుకోండి. 1.25 మీటర్ల ఎత్తు నుంచి పడే బరువైన వస్తువుకి అర సెకను పడుతుంది. ఆ పడడం 8 ఫ్రేముల్లో ఉంటే 16తో తీశారు, 9 అయితే 18, 10 అయితే 20, 12 అయితే 24. ఒక్క ఫ్రేము తేడా అంటే సెకనుకి రెండు ఫ్రేముల తేడా కాబట్టి కనీసం అయిదారు షాట్లు చూసి సగటు తీయాలి. పేకముక్కలు, కాగితాలు పనికిరావు, గాలికి తేలతాయి. కార్లు అసలే వద్దు. కారు దూకుడుగా కనిపించాలని కావాలనే నెమ్మదిగా తిప్పి తీయడం అప్పట్లో మామూలు పని. రెండో భాగంలో ‘మెలియోర్’ అనే అక్షరాలు కారుకి ముందు రోడ్డు మీద పరిగెత్తే ఘట్టాన్ని పట్టుకుని సినిమా మొత్తానికి వేగం తేల్చేశారా, అంతే సంగతులు.

డిస్కు మీద లెక్కపెట్టేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇంకో చోట. 20ని 24లో ఇరికించడానికి ప్రతి అయిదో ఫ్రేముని రెండుసార్లు వేస్తారు. దాన్ని తీసేయకుండా లెక్కపెడితే 20తో తీసిందంతా 24 అని తేలుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ‘డెసిమేట్’ ఫిల్టరుకి సైకిల్ 6 పెట్టండి, ప్రతి ఆరులో ఒకటి ఎగిరిపోతుంది. ‘ఎంపీడెసిమేట్’ మాత్రం వాడొద్దు. మాటలు రాసి చూపే టైటిల్ కార్డులు కదలవు, వాటి ఫ్రేములన్నీ ఒకేలా ఉంటాయి కదా, వాటినీ మింగేస్తుంది.

నేలటికెట్:
కొలత బాగుంది. కానీ నేను అడుగుతున్నది చూసేవాడి గురించి. అందరూ సహజంగా నడిచినంత మాత్రాన సినిమా నడిచినట్టేనా? అదే 20తో టైటిల్ కార్డులూ కదలకుండా కూర్చుంటున్నాయి, చదివేశాక కూడా ఇంకా అక్కడే.

మూకీమాస్టర్:
కార్డుల విషయంలో ఒప్పుకుంటా. పేకాట బల్ల దగ్గర మాత్రం ఒప్పుకోను. ముసలి వేషంలో ఉన్న మబూజే తన వెంటపడిన సర్కారు వకీలు ఫాన్ వెంక్ మీద వశీకరణం ప్రయోగిస్తాడు. చుట్టూ ఉన్నదంతా నల్లబడి అతని ముఖం ఒక్కటే చీకట్లోంచి పెరుగుతూ వచ్చి తెరంతా నిండుతుంది. 24తో వేస్తే ఆ ముఖం మీదికి దూకుతుంది. అది నిదానంగా రావాలి, అందులోనే ఉంది పనంతా.

శ్రుతిలయ:
సంగీతం సంగతి ఎవరూ ఎత్తలేదేం? పునరుద్ధరించిన ప్రతికి అల్యోషా జిమ్మర్మన్ కట్టిన సంగీతం ఈ నిడివికే కట్టింది. 20ని 24 చేసి ధ్వనిని కూడా అలాగే లాగితే శ్రుతి 6/5 వంతు పెరుగుతుంది. అంటే షడ్జమం పలికినచోట సాధారణ గాంధారం పలుకుతుంది. శ్రుతి మార్చకుండా నిడివి తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ వయొలిన్ గీత మొదట్లో జీర వస్తుంది. బొమ్మని పరిగెత్తించాలంటే పక్కన పియానో వాయించేవాళ్లని కూర్చోబెట్టుకోండి.

రీలుపెట్టె:
ప్రింటుతో వేసేవాళ్లకి ఒక మాట. ప్రొజెక్టర్లో వెలుతురుని ఆపి వదిలే షట్టరు రెండు రెక్కలదైతే, 20తో నడిపినప్పుడు సెకనుకు 40 మెరుపులే, తెర మినుకుమంటుంది. మూడు రెక్కలదైతే 60, అప్పుడు కుదురుగా ఉంటుంది. 24కి రెండు రెక్కలతో 48 వస్తాయి కాబట్టి టాకీ ప్రొజెక్టర్లకి అది చాలు. మూడు రెక్కలకి వెలుతురు కొంత తగ్గుతుంది, దీపం చూసుకోవాలి.

డిజిటల్ ప్రతికైతే పాత సినిమాల కోసం ప్రమాణంలో పెట్టిన వేగాలు నాలుగు: 16, 18.18, 20, 21.82. అన్ని హాళ్ల సర్వర్లూ వీటిని ఆడించవు. ఫైలు ఒకరోజు ముందే ఎక్కించి చూడాలి. ఆడకపోతే అయిదో ఫ్రేము రెండుసార్లు వేసిన 24 ఫైలే గతి. కెమెరా పక్కకి తిరిగే షాట్లలో చిన్న కుదుపు కనిపిస్తుంది.

నేలటికెట్:
అయితే నా ఓటు 21.82కి. 24 కాదు, 20 కాదు. మొత్తం 247 నిమిషాలు.

ఎడిటింగ్‌బెంచ్:
247 అయినా 270 అయినా ఒకే విడతలో వేస్తే జనం లేచిపోతారు. మొదటి భాగం బెర్లిన్‌లో 1922 ఏప్రిల్ 27న, రెండోది మే 26న విడుదలైంది. మధ్యలో దాదాపు నెల. వేరే వేరే రోజుల్లో వేసి చూడండి, సగం మందికి 20 నెమ్మదనే అనిపించదు. ఇక 21.82 కావాలంటే ముందు ఆ పడే వస్తువుల సగటు తీసి ఇక్కడ పెట్టండి. 19 కంటే తక్కువ వస్తే నేను 20కే ఓటేస్తా.