ఫీల్డ్‌వర్క్ జర్నల్‌లో నా మనసు ఎంతవరకు రాయాలి?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్నాను. ఉద్దానంలో కిడ్నీ రోగుల కుటుంబాలతో ఫీల్డ్‌వర్క్. రిఫ్లెక్టివ్ జర్నల్ రాయాలి, అంటే ఫీల్డ్‌లో చూసినదాని గురించి నా ఆలోచనలు కూడా రాసే డైరీ. ఇలా రాయడానికి గ్రాహం గిబ్స్ 1988లో చెప్పిన ఆరు మెట్లలో మొదటిది, అంటే జరిగింది రాయడం తేలికే. రెండోది, అంటే అప్పుడు నాకేమనిపించిందో రాసే దగ్గరే పెన్ను ఆగిపోతోంది.

డయాలసిస్ చేయించుకుంటున్న ఒక పెద్దాయన "ఈ జబ్బు మాకే ఎందుకొచ్చిందమ్మా?" అని అడిగారు. కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు కదా, ఏం చెప్పను? చాలా బాధేసింది. అది రాస్తే నా గోడులా, రాయకపోతే ఉత్త రిపోర్టులా ఉంటోంది. ఆ బాధ నుంచి విశ్లేషణకు ఎలా వెళ్లాలి?

ఇంకొకటి. పేరు తీసేసినా చిన్న ఊళ్లో వివరాలను బట్టే మనిషిని పోల్చేస్తారు. ఏవి మార్చి రాయొచ్చు? ఈ పని చేసినవాళ్లు, సూపర్‌వైజర్లు దయచేసి చెప్పండి. ఒక్క పేరా నమూనాగా రాసి చూపించినా చాలు.