సబ్బు నీళ్ళలో రాడికల్ జంట: అయస్కాంతం నిజంగా పనిచేస్తుందా?

కెల్విన్273:
సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే సబ్బు మిసెల్స్‌లో (నీళ్ళలో సబ్బు అణువులు గుమిగూడి కట్టే అతిచిన్న గుళికల్లో) బెంజోఫినోన్ అనే కీటోన్ వేసి లేజర్ కొడితే పుట్టే రాడికల్ జంట (చెరో ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న రెండు అణువులు) అయస్కాంతానికి లొంగుతుందని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. లెక్క చూడండి. ఒక టెస్లా క్షేత్రంలో ఎలక్ట్రాన్ స్పిన్ (ఎలక్ట్రాన్‌ని బుల్లి అయస్కాంతంలా చేసే గుణం) స్థాయిల మధ్య తేడా మోలుకి దాదాపు 11 జౌళ్ళు. గది ఉష్ణోగ్రతలో ఉష్ణశక్తి మోలుకి దాదాపు 2,500 జౌళ్ళు. అంత హోరులో ఈ గుసగుస ఎవరికి వినపడుతుంది? నాకైతే నమ్మకం లేదు.

జంటస్పిన్:
లెక్క కరెక్టే. కానీ ఇక్కడ అడగాల్సింది శక్తి గురించి కాదండీ. అయస్కాంతం బంధాన్ని తెంచదు, చర్యకు కావలసిన శక్తినీ మార్చదు. మారేది సమయం.

ట్రిప్లెట్ స్థితిలో (రెండు ఒంటరి ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే వైపు) ఉన్న బెంజోఫినోన్ పక్కనున్న సబ్బు గొలుసు నుంచి ఒక హైడ్రోజన్ లాక్కుంటుంది. అలా పుట్టిన రెండు రాడికల్స్ కూడా ట్రిప్లెట్ జంటగానే ఉంటాయి. ఆ స్థితిలో అవి తిరిగి కలవలేవు, సింగ్లెట్‌గా (స్పిన్‌లు ఎదురెదురుగా) మారాలి. ఆ మార్పు తెచ్చేది వాటిలోని హైడ్రోజన్ కేంద్రకాల చిన్న చిన్న క్షేత్రాలు. బయటి క్షేత్రం లేనప్పుడు మూడు ట్రిప్లెట్ స్థాయిల నుంచీ దారి ఉంటుంది. కొన్ని పదుల మిల్లీటెస్లాలు పెట్టామంటే రెండు స్థాయిలు దూరం జరిగిపోతాయి, ఒక్క దారే మిగులుతుంది. కలయిక ఆలస్యమయ్యేసరికి కొన్ని రాడికల్స్ మిసెల్ దాటి బయటపడతాయి. మామూలు ద్రావణిలో జంట నానోసెకన్లలో విడిపోతుంది, స్పిన్ తిరిగే టైమే ఉండదు. సుమారు 2 నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న మిసెల్ దాన్ని మైక్రోసెకను దాకా పట్టి ఉంచుతుంది. ఆ కాసేపట్లో ఉష్ణ తాకిడి అణువుల్ని కుదిపేస్తుంది గానీ స్పిన్‌ని అంత తొందరగా కదపలేదు.

చినుకు:
అంటే మిసెల్ ఇంకా చిన్నదైతే ప్రభావం ఇంకా పెరగాలి కదా?

నీలిదీపం:
అలా ఏం కాదు. మరీ ఇరుకైతే రెండు ఎలక్ట్రాన్లూ ఎప్పుడూ దగ్గరదగ్గరే ఉంటాయి. వాటి మధ్య మార్పిడి అన్యోన్యచర్య (ఎలక్ట్రాన్లు బాగా దగ్గరైతే పుట్టే క్వాంటం ప్రభావం) సింగ్లెట్, ట్రిప్లెట్ స్థాయిల్ని విడదీస్తుంది, స్పిన్ తిరగడమే కష్టమవుతుంది. కాసేపు దూరంగా వెళ్ళి మళ్ళీ కలుసుకునే చోటు కావాలి. అంత చోటు మిసెల్‌లో ఉంది.

కెల్విన్273:
ఇంత రాశారు గానీ 11 జౌళ్ళకు జవాబు రాలేదు. పైగా విద్యుదయస్కాంతం ఆన్ చేస్తే చుట్ట వేడెక్కుతుంది. వేడికి మిసెల్ మారుతుంది. మీరు చూసింది అదే అయ్యుంటుంది.

జంటస్పిన్:
ఆ "చుట్ట వేడి" మాట వినీ వినీ విసిగిపోయాను. పీహెచ్‌డీ మూడో ఏడాది 545 నానోమీటర్ల దగ్గర కీటైల్ రాడికల్ (హైడ్రోజన్ లాక్కున్న బెంజోఫినోన్) సిగ్నల్ చూసేవాణ్ణి. క్షేత్రం లేకపోతే ఆసిలోస్కోపు మీద గీత తొందరగా కిందికి దిగిపోయేది. క్షేత్రం పెడితే దాని తోక పైనే నిలిచేది, అంటే కొన్ని రాడికల్స్ కలవకుండా మిగిలేవి. మా గైడ్ "వేడి" అని ఒక్క మాటతో కొట్టేశారు. తర్వాత శాశ్వత అయస్కాంతం పెట్టి చూశాను. అందులో చుట్టే లేదు, ఇక వేడెక్కడిది? తోక మళ్ళీ పైనే నిలిచింది. అయినా ఆ అధ్యాయం థీసిస్‌లోకి రాలేదు.

కెల్విన్273:
మీ బాధ వేరు, రుజువు వేరు.

నీలిదీపం:
రుజువే కావాలంటే 1978 నాటి టుర్రో, క్రాయిట్లర్ అనే రసాయన శాస్త్రవేత్తల పని చూడండి. డైబెంజైల్ కీటోన్‌ని మిసెల్‌లో పెట్టి కాంతితో విడగొట్టారు. మిగిలిపోయిన కీటోన్‌లో కార్బన్-13 వాటా పెరిగింది. కార్బన్-13 కేంద్రకానికి స్పిన్ ఉంది, కార్బన్-12కి లేదు. కార్బన్-13 ఉన్న జంట త్వరగా సింగ్లెట్ అయి మళ్ళీ కీటోన్‌గా కలిసిపోయింది. బయటి నుంచి బలమైన క్షేత్రం పెడితే ఆ వేర్పాటు తగ్గింది. వేడికి కేంద్రకపు స్పిన్ ఎలా తెలుస్తుంది?

జంటస్పిన్:
ఇదే కదా నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది! కెల్విన్ గారూ, మీరు చదవకుండా వాదిస్తున్నారు. ఇలాంటివాళ్ళ వల్లే నా రెండేళ్ళు పోయాయి.

కెల్విన్273:
నోరు జాగ్రత్త. నేనెందుకు పట్టుబడుతున్నానో మీకు తెలుసా? మా అమ్మ మోకాళ్ళకు అయస్కాంతాల పట్టీ అమ్మినవాడు ఒక కరపత్రం ఇచ్చాడు. అందులో "రాడికల్ జంట" అనే ఉంది, మిసెల్ గ్రాఫు కూడా ఉంది. అమ్మ దాన్ని నమ్మి ఆరు నెలలు మందులు మానేసింది. ఇప్పుడు కర్ర లేనిదే నడవలేదు. కార్బన్-13 సంగతి ఒప్పుకుంటున్నాను, అది వేడి పని కాదు. కానీ మీరు "అయస్కాంతం చర్యను మారుస్తుంది" అని రాసి వదిలేస్తే, ఆ వాక్యం మా ఇంటికి ఇలా చేరింది.

జంటస్పిన్:
అమ్మగారి విషయం నాకు తెలియదు. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. ఆ పట్టీకీ ఈ గ్రాఫుకీ ఏ సంబంధమూ లేదు. ట్రిప్లెట్‌గా పుట్టిన జంట, దాన్ని పట్టి ఉంచే పంజరం, ఆక్సిజన్ తీసేసిన ద్రావణం ఉంటేనే ఇది కనిపిస్తుంది. మోకాలి కీలులో ఇవేవీ లేవు.

కెల్విన్273:
అయితే ప్రతి పోస్టులోనూ ఆ షరతులు రాయండి. జీవుల ఊసు ఎత్తకండి.

జంటస్పిన్:
షరతులు రాస్తాను. జీవుల ఊసు మాత్రం మానను. పక్షుల దిక్సూచికి రాడికల్ జంటే కారణం కావచ్చని భౌతిక శాస్త్రవేత్త షుల్టెన్ 1978లోనే ప్రతిపాదించారు. 2008లో కెరోటినాయిడ్, పోర్ఫిరిన్, ఫుల్లరీన్ కలిపి కట్టిన అణువు భూమి క్షేత్రమంత బలహీన క్షేత్రానికి కూడా స్పందించింది, కాకపోతే బాగా చల్లబరిచిన ద్రావణంలో. మోసగాళ్ళు వాడుకుంటారని అడగాల్సిన ప్రశ్నను మనమే మూసేస్తామా?

కెల్విన్273:
మూసేయమనట్లేదు. "కావచ్చు" అన్న మాటను కరపత్రం మింగేస్తుంది అంటున్నాను. మీరు దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు.

జంటస్పిన్:
తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఒప్పుకోను.

చినుకు:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. వచ్చే వారం ఇదే ప్రయోగం చేస్తున్నా. ఆక్సిజన్ తీయడానికి నైట్రోజన్ పంపితే ద్రావణమంతా నురగ అయిపోతోంది. ఏం చేయాలి?

జంటస్పిన్:
సూదిని ద్రావణంలో ముంచకండి, ఉపరితలానికి కాస్త పైన పెట్టి నెమ్మదిగా వదలండి, లోపల మెల్లగా కలుపుతూ ఉండండి. టైమ్ ఎక్కువ పడుతుంది గానీ నురగ రాదు. క్షేత్రం లేకుండా తీసిన గీతను మొదటా చివరా రెండుసార్లు తీయండి. అవి రెండూ కలవకపోతే మధ్యలో తీసినవేవీ నమ్మొద్దు.

కెల్విన్273:
ద్రావణం ఉష్ణోగ్రత కూడా ప్రతిసారీ రాసుకోండి.