తాతయ్య బెంజి లారీని బాబాయ్ దగ్గర కొనాలి: తూకం ధర ఇవ్వాలా, పాతబండి ధర ఇవ్వాలా?

కంకిపాడు కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా తాతయ్యకి 1962 నాటి టాటా మెర్సిడెస్ బెంజి లారీ ఉండేది. ముందు పెద్ద ముక్కు ఉండే 312 రకం. సీజన్‌లో ఉయ్యూరుకి చెరుకు, తర్వాత ధాన్యం తోలేవారు. 1988 నుంచి అది బాబాయ్ వాళ్ళ దొడ్లో రేకుల కిందే ఉంది. తాతయ్య, నానమ్మ ఇద్దరూ లేరు. నాన్న, బాబాయ్, తెనాలిలో అత్త ఉన్నారు. బాబాయ్ ఇప్పుడు ఆ స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నారు కాబట్టి బండిని అక్కణ్ణుంచి తీసేయాలి. నేనే కొంటానని చెప్పాను.

చిక్కంతా ధర దగ్గరే. బండికి ఇంజను లేదు. చాలా ఏళ్ళ క్రితం తాతయ్య వైద్యానికి డబ్బు కావాల్సి వచ్చి బాబాయే దాన్ని చేపల చెరువుల వాళ్ళకి, నీళ్ళు తోడే సెట్టుకి అమ్మేశారు. రేడియేటర్ లేదు, వెనక చెక్క బాడీ లేదు, ఎడమ మడ్‌గార్డు లేదు. గేర్ బాక్స్, రెండు ఇరుసులు, కమాన్ కట్టలు, క్యాబిన్, స్టీరింగ్ ఉన్నాయి. క్యాబిన్ లోపలి చెక్క చెదలు తినేసింది. పాత ఇనుము వ్యాపారి 75 వేలు ఇస్తానన్నాడు. బాబాయ్ 3 లక్షలు అడుగుతున్నారు. మా తమ్ముడు (బాబాయ్ కొడుకు) ఫోన్‌లో పాత కార్ల ప్రదర్శన ఫొటోలు చూపించి, ఇలాంటివి 10 లక్షలు పలుకుతాయంటున్నాడు. దీన్ని తిరిగి అమ్ముకునే ఆలోచన నాకు లేదు. ఎంత ఇస్తే న్యాయం?

కాటా లెక్క:
75 వేల మీద ఇంకో పది వేసి తీసేసుకోండి. ఇంజను లేని లారీ అంటే ఇనుమే. మీరు కాదంటే బాబాయ్ గారు దాన్ని ఎవరికి అమ్ముతారు? మూడు లక్షలిచ్చే మనిషి వేరే ఎవరైనా వచ్చాడా? రాకపోతే అది ధర కాదు, ఆశ.

చింతచెట్టు నీడ:
నాకు ఇది నచ్చలేదు. ఇంటి మనిషి దగ్గర అడ్డికి పావుశేరు బేరమా? ముప్పై ఏళ్ళకు పైగా ఎంతమంది తుక్కు వాళ్ళు వచ్చి అడిగినా ఇవ్వకుండా, దొడ్డిలో సగం చోటిచ్చి, పైన రేకులేయించి కాపాడింది ఆ బాబాయే కదా. మా ఇంట్లో ఇలాగే పెద్దనాన్న ట్రాక్టరును తూకానికి ఇచ్చేశారు. గ్యాస్ కట్టర్‌తో కోస్తుంటే మా నాన్న అక్కడ నిలబడలేక వచ్చేశారు. బాబాయ్ ఆ రోజు రాకుండా చేశారు కాబట్టే మీకు కొనడానికి ఈ లారీ మిగిలింది. మూడు లక్షలూ ఇవ్వండి.

ఆటోనగర్ మేస్త్రి:
తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. నేర్చుకున్నది బెంజి బళ్ళ మీదే. ఉన్నవి చూసి పాతబండికి ధర కట్టకూడదు, లేనివి ఏంటో చూసి కట్టాలి.

టాటాలకీ జర్మనీ బెంజి కంపెనీకీ ఒప్పందం 1954 నుంచి 1969 దాకా నడిచింది. ఆ పదిహేనేళ్ళలో వచ్చిన బళ్ళ ముక్కు మీద నక్షత్రం ఉంటుంది, తర్వాత వాటికి టి గుర్తు వచ్చింది. మీ బండికి నక్షత్రం ఉందో లేదో రాయలేదు. ముందు అది చూడు. దానికి అసలు వచ్చిన ఇంజను బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 90 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన 692 అంటే ఆరు సిలిండర్లు, 92 బోరు. 697 అంటే 97 బోరు. 692 దొరుకుతుంది, ఎక్కిస్తే బండి నడుస్తుంది, కానీ అది పుట్టినప్పటి ఇంజను కాదు. అసలు ఇంజనే కావాలంటే ఏళ్ళ తరబడి వెతకాలి.

ఇక ఖర్చు. నా అంచనా చెబుతాను, మీ దగ్గర కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. పాత 692 తెచ్చి, లైనర్లు, క్రాంకు పని, పంపు సర్వీసు చేయిస్తే లక్షన్నర. క్యాబిన్ చెక్క మార్చి, టింకరింగ్ చేసి, ఆ మడ్‌గార్డు కొత్తగా కొట్టిస్తే లక్షా 75 వేలు. బ్రేకులకి 40 వేలు, వైరింగ్‌కి 25 వేలు, టైర్లకి 90 వేలు. చెక్క బాడీ మంచి వడ్రంగి చేత కట్టిస్తే 2 లక్షలు. బండి తరలించడానికి 30 వేలు. అన్నీ కలిపితే 7 లక్షల 10 వేలు. బండికి ఇచ్చే ధర ఇంకా ఇందులో కలపలేదు.

మీ తమ్ముడు చూపించిన ఫొటోలోవి కార్లు. కారైతే ఇంటి ముందు పెట్టుకుంటారు. లారీ ఎవరు పెట్టుకుంటారు, ఎక్కడ పెట్టుకుంటారు? కొనేవాళ్ళు చాలా తక్కువ. పూర్తయిన బండికి 10 లక్షలు వచ్చినా, ఖర్చు తీసేస్తే మిగిలేది 3 లక్షల లోపే. నీ రెండేళ్ళ కష్టానికి విలువ కట్టకుండా వేసిన లెక్క ఇది. అందుకే 3 లక్షలు ఎక్కువ. తుక్కు ధర కూడా తప్పే. నిండు గేర్ బాక్స్, వెనక హౌసింగ్, జాలీతో ఉన్న ముక్కు, తలుపులు సరిగా మూసుకునే క్యాబిన్... తూకంలో వీటికి ఉత్త ఇనుము ధరే వస్తుంది, విడిగా అమ్మితే ఎక్కువొస్తుంది. నేనైతే లక్షా 10 నుంచి లక్షా 30 మధ్య కడతాను. సి బుక్కు (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం) ఉంటే పై అంకె, లేకపోతే కింది అంకె.

కాటా లెక్క:
మేస్త్రి గారు విడిభాగాల లెక్క చెప్పారు, ఒప్పుకుంటున్నాను. నా 85 వేలు తక్కువే. అయినా ఇంజను అమ్మిన డబ్బు బాబాయ్ గారి చేతికే వచ్చింది కదా, దాన్ని ఇప్పుడు తగ్గించొద్దా?

కంకిపాడు కుర్రాడు:
వద్దండి. ఆ డబ్బు తాతయ్య ఆసుపత్రికే ఖర్చయింది. ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట నేను ఎత్తను.

కాగితాల మనిషి:
మీరందరూ ధర గురించే మాట్లాడుతున్నారు. అసలు ఈ బండి ఎవరిది? తాతగారి సొంత సంపాదన, వీలునామా లేదు అనుకుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులు, కూతురు ముగ్గురికీ సమాన వాటా. దొడ్డి బాబాయ్ గారిదే కావచ్చు, బండి మాత్రం ఆయన ఒక్కరిదే కాదు. అత్తగారిని ఎవరైనా అడిగారా? మూడో వంతు మీ నాన్నగారిది. బాబాయ్‌కి మొత్తం ధర ఇస్తే మీ నాన్న వాటాను మీరే మళ్ళీ కొన్నట్టు అవుతుంది.

పేరు మార్పిడికి, యజమాని చనిపోయాక వారసుల పేరిట మార్చే ఫారం 31 ఉంది. మిగతా వారసులకి అభ్యంతరం లేదని సంతకాలు తీసుకోండి. గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఆఫీసుకి వెళ్ళి అడగాల్సిందే.

వింటేజ్ నంబరు మీద ఆశ పెట్టుకోకండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో 50 ఏళ్ళు దాటిన బళ్ళకి వీఏ సిరీస్ ఇచ్చారు గానీ, అది ద్విచక్ర వాహనాలకి, సొంత వాడకపు కార్లకే. సరుకు లారీ అందులోకి రాదు. ఎఫ్‌సి (బండి ఫిట్‌నెస్ పత్రం) లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉన్నట్టు కాదు. పాత సి బుక్కు ఆ బండి ఏదో రుజువు చేస్తుందంతే, రోడ్డెక్కడానికి పనికిరాదు. ధర కట్టేటప్పుడు ఇది కూడా చూసుకోవాలి.

చింతచెట్టు నీడ:
అత్త సంగతి నాకు తట్టలేదు. మూడు లక్షలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ బాబాయ్ కాపాడినదానికి విలువ లేదంటే మాత్రం ఒప్పుకోను.

ఆటోనగర్ మేస్త్రి:
విలువ ఉందమ్మా. కాకపోతే దాన్ని బండి ధరలో కలపొద్దు. కలిపితే అత్తకీ నాన్నకీ అందులో వాటా వెళ్తుంది, బాబాయ్‌కి మిగిలేది మూడో వంతే. రేకులకీ చోటుకీ ఇంత అని విడిగా ఆయన చేతిలో పెట్టాలి. అప్పుడే ఎవరిది వాళ్ళకి అందుతుంది.

కంకిపాడు కుర్రాడు:
ఆదివారం వెళ్ళొచ్చాను. ఎడమ మడ్‌గార్డు లేదు కాబట్టి ముందు చక్రం పక్కన చాసిస్ పట్టీ తేలిగ్గానే అందింది. కిరోసిన్ గుడ్డతో అరగంట తుడిస్తే తుప్పు కింద చాసిస్ నంబరు అంకెలు కనిపించాయి. దానిమీద కాగితం పెట్టి పెన్సిల్ అచ్చు తీశాను. బాబాయ్ బీరువాలోంచి సి బుక్కు తెచ్చి ఒక్కో అంకె చదువుతుంటే నేను సరిచూశాను. అన్నీ కలిశాయి. స్టీరింగ్ మీద కుడిచేతి వైపు ఒకచోట నల్లరంగు పోయి నున్నగా ఉంది. తాతయ్య అక్కడే పట్టుకునేవారని బాబాయ్ చూపించారు. ఆ తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అత్తకి ఫోన్ చేశాను. నక్షత్రం అత్త దగ్గరే ఉందట! పెళ్ళై వెళ్ళేటప్పుడు తాతయ్య ఊడదీసి ఇచ్చారట. కావాలంటే తీసుకెళ్ళరా అంది. వద్దత్తా, నీ దగ్గరే ఉండనీ అన్నాను. దాన్ని ధరలో కలపలేదు.

మేస్త్రి గారి లెక్కంతా కాగితం మీద రాసి, లేనివి ఒక వైపు, ఉన్నవి ఒక వైపు పెట్టి బాబాయ్‌కి చూపించాను. ఏడు లక్షల దగ్గర ఆగి రెండుసార్లు కూడారు. చివరికి లక్షా 20 వేలకి ఒప్పుకున్నారు. అత్తకి 40, బాబాయ్‌కి 40, నాన్న తన వాటా వద్దన్నారు. రేకులకీ చోటుకీ విడిగా 30 వేలు ఇచ్చాను. మొదట తీసుకోలేదు, పిన్ని చేతిలో పెట్టి వచ్చాను. తమ్ముడు ఇంకా కొంచెం అలిగే ఉన్నాడు.

ఇప్పుడు సమస్య ఏంటంటే, వెనక డ్రమ్ములు రెండూ పట్టేశాయి. క్రేన్ అతను గొలుసేసి లాగేద్దాం అంటున్నాడు. లాగనివ్వొచ్చా?

ఆటోనగర్ మేస్త్రి:
అస్సలు లాగనివ్వకు. చక్రాలు విప్పి, బ్రేకు అడ్జస్టర్లు పూర్తిగా వదులు చెయ్యి. డ్రమ్ము అంచులోకి డీజిల్ పోసి రెండు రోజులు వదిలెయ్యి. తర్వాత సుత్తితో చుట్టూ కొద్దికొద్దిగా తట్టుకుంటూ రా. ఒకేచోట గట్టిగా కొడితే పోత డ్రమ్ము పగులుతుంది. ఆ సైజు డ్రమ్ము మళ్ళీ దొరకడం కష్టం. ఊడకపోతే ఫోటో పెట్టు, నేను చూస్తాను.